పెన్న గట్టున... లైకులడగని సంతోషం!

ఒకపక్క రీల్సు పాటల హోరు. ఇంకోపక్క గేట్ల కింద నీళ్ల హోరు. రెండూ ఒకేచోట వినిపించే ఊరు సంగం. ఏది వినాలో మాత్రం ఎవరిష్టం వాళ్లది!

నెల్లూరులో ఆత్మకూరు బస్సెక్కి, బుచ్చిరెడ్డిపాళెం దాటి ఇంకొంచెం ముందుకెళ్తే వచ్చేది సంగం. సుమారు ముప్ఫై కిలోమీటర్లు. నెల్లూరు జిల్లా అనగానే సముద్రం గుర్తొస్తుంది కానీ ఇక్కడ అది ఎక్కడో తూర్పున ఉండిపోతుంది. ఈ ఊళ్లో పెత్తనమంతా పెన్నమ్మదే. కర్ణాటకలో నంది కొండల దగ్గర పుట్టి, అనంతపురం, కడప నేలల మీద ఎండుతూ పారుతూ వచ్చిన ఆ నది సోమశిల దాటాక ఇక్కడ వెడల్పాటి ఇసుక పరుపు మీద నడుం వాలుస్తుంది. బీరాపేరు, బొగ్గేరు వాగులు వచ్చి కలుస్తాయి. ఆ కలయికే ఊరికి పేరైంది. గుళ్లో దేవుడు సంగమేశ్వరుడు, అమ్మవారు కామాక్షమ్మ.

ఆదివారం సాయంత్రం బ్యారేజీ మీదికి వెళ్లి చూడండి. కిలోమీటరు పైచిలుకు పొడవు, 85 గేట్లు, కింద అద్దంలా నీళ్లు. ఫోటోకి ఇంతకంటే ఏం కావాలి? కుర్రాళ్లు బైకులు వరసగా ఆపుతారు. ఒకడు కళ్లజోడు పెట్టుకుని మెల్లగా నడిచొస్తాడు, ఇంకొకడు వెనక్కి వెనక్కి నడుస్తూ తీస్తాడు. బాగా రాలేదంటే మళ్లీ మొదట్నుంచి. ఆ వారం ఏ పాట నడుస్తుంటే అదే పాట. పోయిన నెల పాట పెడితే పక్కవాడు నవ్వుతాడు. 2020 లాక్‌డౌన్‌లో ఊరూవాడా గిలక్కొట్టిన డాల్గోనా కాఫీని ఇప్పుడెవరు తాగుతున్నారు? 2022లో ప్రతి పెళ్లి బరాత్‌లోనూ మోగిన ‘కచ్చా బాదామ్’ను ఇప్పుడెవరు తలుచుకుంటున్నారు? వచ్చినంత వేగంగానే పోయాయి. వాటి తప్పేం లేదు, వాటి ఆయుష్షే అంత.

ఆ కెమెరాల వెనక నుంచి నిమ్మకాయల బస్తాలేసుకున్న ఆటో ఒకటి బర్రుమంటూ వెళ్తుంది. దాన్నెవరూ తీయరు. అసలు కథ ఉన్నది దాంట్లోనే!

ఎదురుగా ఉన్నా ఎంతో దూరం

నదికి ఆవలి ఒడ్డున చేజర్ల, పొదలకూరు మండలాల ఊళ్లున్నాయి. ఈవలి గట్టున నిలబడితే అక్కడి చెట్లు, ఇళ్లు కనిపిస్తాయి. కానీ ఏళ్ల తరబడి అది కళ్లకు దగ్గర, కాళ్లకు దూరం. 1880వ దశకంలో ఇంగ్లీషువాళ్ల హయాంలో ఇక్కడ ఆనకట్ట కట్టారు. కట్టింది పొలాలకు నీళ్లివ్వడానికి. జనం దాన్నే దారి చేసుకున్నారు. నీళ్లు తక్కువున్నన్నాళ్లూ దాని మీదుగానే సైకిళ్లు, మోటారు సైకిళ్లు, నెత్తిన మూటలు. పైన వాన పడి నది పొంగిందా... దారి బంద్. ఎదురుగా కనిపించే ఊరికి చేరాలన్నా, బోలెడంత చుట్టూ తిరగాల్సిందే. కాన్పు నొప్పులు, పాముకాట్లు నది తగ్గేదాకా ఆగవు కదా.

2021 నవంబరు ఈ జిల్లా మర్చిపోలేని నెల. సోమశిల నుంచి అయిదు లక్షల క్యూసెక్కులకు పైగా వరద వదలాల్సి వచ్చింది. పడుగుపాడు దగ్గర రైలు పట్టాల కింద కట్ట కొట్టుకుపోయింది, జాతీయ రహదారి తెగింది. మద్రాసుకూ విజయవాడకూ నడుమ రాకపోకలు ఆగిపోయాయి. మామూలుగా మోకాలి లోతుకు పారే పెన్న ఆ నాలుగు రోజుల్లో ఎంత పని చేసిందో ఒడ్డునున్న ఊళ్లను అడిగితే చెబుతాయి.

ఆ మరుసటేడే, 2022 సెప్టెంబరు 6న, ఇప్పుడున్న బ్యారేజీని ప్రారంభించారు. అదే ఏడాది ఫిబ్రవరిలో చనిపోయిన మంత్రి, ఆత్మకూరు ఎమ్మెల్యే మేకపాటి గౌతమ్‌రెడ్డి పేరు పెట్టారు. రాజశేఖరరెడ్డి హయాంలో శంకుస్థాపన జరిగిన పని పూర్తయ్యేసరికి పదిహేనేళ్లకు పైనే పట్టింది. గేట్ల మీదుగా రోడ్డు పడింది. ఇప్పుడు ఆవలి ఒడ్డు నుంచి సంగం సెంటరుకు వచ్చి టీ తాగి పోవడమనేది ఒక విషయమే కాదు. వానాకాలంలోనూ కాదు. పుట్టింటికి వెళ్లే ఆడపిల్ల, స్కూటీ మీద కాలేజీకి వెళ్లే అమ్మాయి, నిమ్మకాయల ఆటో... ఎవరూ ఇవాళ నది ఎలా ఉందోనని అడిగి బయల్దేరక్కర్లేదు. ఆ అడగక్కర్లేకపోవడమే వాళ్ల సంతోషం. దాన్ని ఏ కెమెరాలో పట్టాలి?

నీళ్లొచ్చిన రోజు

ఇంకో సంతోషం కాలువల్లో వస్తుంది. ఇక్కడి నీళ్లు కనిగిరి రిజర్వాయరుకు వెళ్తాయి. పాత ప్రకాశం జిల్లా కనిగిరి అనుకునేరు! ఇది బుచ్చిరెడ్డిపాళెం పక్కనున్నది. కనుపూరు కాలువకూ ఇక్కడి నీళ్లే దిక్కు. మొత్తం 3.85 లక్షల ఎకరాల ఆయకట్టు ఈ గేట్లను నమ్ముకుని ఉంది. ఏటా సోమశిలలో నీళ్లెన్ని, ఎవరి వాటా ఎంతన్నది నెల్లూరులో సాగునీటి సలహా మండలి సమావేశంలో తేలుస్తారు. ఆ రోజు మాత్రం రైతుల వాట్సాప్ గ్రూపుల్లో గుడ్‌మార్నింగ్ పూలు, దేవుడి బొమ్మలు, ఎవరెవరివో ప్రసంగాలు అన్నీ పక్కకు తప్పుకుంటాయి. అందరికీ కావాల్సింది ఒక్క కబురే... నీళ్లు ఎప్పుడు వదుల్తారు?

వదిలిన రోజు చూడాలి. లస్కరు తూము ఎత్తగానే ముందు బురద నురగ వస్తుంది, దాని మీద ఎండుటాకులు, ప్లాస్టిక్ సీసాలు, ఓ చెప్పు. వెనకాలే నీళ్లు. వాటి వెంట గట్టు మీద పిల్లలు పరుగు. ఎగువన ఉన్నవాళ్లకి అది మామూలే. చివరి భూముల రైతు మాత్రం పార భుజాన వేసుకుని, తన మడి దాకా వస్తాయా రావా అని గట్టు మీదే కాచుకుని ఉంటాడు. వస్తే నాట్లు, రాకపోతే అప్పు. అందుకే అతని సంతోషాన్ని ‘చిన్నది’ అనడానికి నోరు రాదు. పెద్ద పంట మార్చి, ఏప్రిల్‌లో ఇంటికొస్తుంది. ఆ తర్వాత కూడా నీళ్లు మిగిలితే ఎడగారు. నెల్లూరోళ్లకి ఈ మాట చెవిన పడితే చాలు, మొహం వెలిగిపోతుంది. రెండో పంటన్నమాట!

ఇక తిండి. నెల్లూరు చేపల పులుసు గురించి యూట్యూబ్‌లో వీడియోలకు కొదవలేదు. చూసేవాళ్లకు తెలియని కిటుకొకటుంది. ఆ పులుసు వండిన పూట కంటే మర్నాడే బాగుంటుంది. చింతపండు పులుపు, మామిడి ముక్క, కారం... అన్నీ రాత్రంతా చేప ముక్కకు పట్టాలి. అంటే దానికి తొందర పనికిరాదు. ముప్ఫై సెకన్ల వీడియోలో అది ఇమిడేది కాదు. పులిబొంగరాలదీ అదే కథ. దోసెల పిండి రెండు రోజులకు పులిస్తే పారేయరు. ఉల్లిపాయ, పచ్చిమిరపకాయ ముక్కలు వేసి సాయంత్రానికి బొంగరాలు చేస్తారు. మిగిలిపోయిన పిండే ఆ రోజు పిల్లలకు పండగ. వేడివేడిగా నాలుగు తిని, టీ పడితే... ఇంకేం అడగం!

ఇలాంటి సంతోషాలకు కూడా ప్రపంచం పేరు పెట్టి అమ్మేసింది. 2016లో డెన్మార్క్ వాళ్ల ‘హుగె’ అనే మాట యూరప్‌లో మోతమోగింది. ఇంట్లో వెచ్చగా, తీరిగ్గా, నచ్చినవాళ్ల మధ్య కూర్చోవడమని దానర్థం. డబ్బు ఖర్చు లేని సంగతి కదా! దాని మీద పుస్తకాల మీద పుస్తకాలు వచ్చాయి, కొవ్వొత్తులు, ఊలు మేజోళ్లు అమ్ముడయ్యాయి. ఆ తర్వాత అదీ పాతబడింది. 2024కి ఆక్స్‌ఫర్డ్ వాళ్లు ఎంపిక చేసిన మాట ‘బ్రెయిన్ రాట్’. పనికిమాలిన వీడియోలు చూసీచూసీ బుర్ర కుళ్లిపోవడం. 2025 డిసెంబరులో ఆస్ట్రేలియా పదహారేళ్లలోపు పిల్లలకు సోషల్ మీడియా ఖాతాలే వద్దంది. గుడి అరుగు మీద కూర్చున్న సంగం పెద్దలకు ఇవన్నీ చెబితే నవ్వుకుంటారేమో. వాళ్ల చేతుల్లోనూ ఫోన్లున్నాయి సుమా! అరుగు మీద కబుర్లు సగం ఆ ఫోన్లో చూసినవే.

నిజం చెప్పాలంటే ఫోను మీద మరీ అంత కక్ష కట్టాల్సిన పనీ లేదు. ఈ చుట్టుపక్కల ఊళ్ల నుంచి కువైట్ వెళ్లి ఇంటి పని, డ్రైవరు పని చేసేవాళ్లు బోలెడుమంది. చెన్నై, బెంగళూరు, హైదరాబాదుల్లో ఉన్నవాళ్లు సరేసరి. గేట్లెత్తిన రోజు ఇంట్లోవాళ్లు వంతెన మీదికొచ్చి వీడియో కాల్ చేస్తారు. ఇటు ఫోన్లో నీళ్లు చూపిస్తారు. అటువైపు ఎండల దేశంలో ఒక మనిషి మాట్లాడకుండా చూస్తూ ఉంటుంది. గాలి హోరుకు మాటలు సరిగా వినిపించవు, అయినా ఎవరూ కాల్ కట్ చేయరు. అది రీలూ కాదు, దానికి వ్యూసూ లేవు. చూసేది ఒక్కరే.

మీరూ వెళ్లాలనుకుంటే నవంబరు, డిసెంబరుల్లో వెళ్లండి. ఈశాన్య రుతుపవనాల వానలకు నదిలో నీళ్లు, మళ్లలో నాట్లు, రెండూ కనిపిస్తాయి. పొద్దున్నే వెళ్తే వంతెన మీద మంచు, పక్షులు, వాకింగ్‌కు వచ్చిన నలుగురు. ముందు గుడికెళ్లి, తర్వాత సెంటర్లో దోసె తిని, తీరిగ్గా నడుచుకుంటూ అవతలి ఒడ్డు దాకా పోయి రావచ్చు. పొంగే నీళ్లలోకీ, ఇసుక గుంటల్లోకీ దిగకండి. లోతు పైకి తెలియదు. ఫోటోలు కూడా తీసుకోండి, ఎవరొద్దన్నారు? కాకపోతే కొంచెం పక్కకి జరిగి తీసుకోండి. వెనకాల గడ్డి ట్రాక్టరు వాడు ఇందాకట్నుంచీ హారన్ కొడుతున్నాడు. పొద్దుగుంకేలోగా వాడు ఆవలి ఒడ్డుకు చేరాలి.