మోటర్ కన్నా ముందు స్టార్టర్

2023లో బత్తాయి తోట డబ్బుల్లోంచి నాన్న 70 వేలు నా చేతిలో పెట్టాడు, గేమింగ్ పీసీ కోసం! నల్గొండలో పొద్దున్నే బస్సెక్కి, ఇద్దరం సికింద్రాబాద్ పార్క్‌లేన్‌లోని సీటీసీకి వెళ్లాం. అక్కడ ఎటు చూసినా కంప్యూటర్ షాపులే.

ప్రాసెసర్ రైజెన్ 5 5600 అని ముందే ఫిక్సయ్యా. ర్యామ్ 8 జీబీవి రెండు. ఒకే 16 జీబీ స్టిక్ కన్నా జంటగా పెడితే డేటా రెండు దారుల్లో నడుస్తుంది. చిక్కంతా గ్రాఫిక్స్ కార్డు దగ్గరే. మనసేమో ఆర్‌టీఎక్స్ 3060 టీఐ మీదుంది. అది కొంటే మిగిలేది లోకల్ ఎస్‌ఎంపీఎస్‌కే సరిపోతుంది. డబ్బా లోపల ఉండేదేగా, ఏదైతే ఏంటి అనుకున్నా.

"గదేం పని చేస్తది?" అని అడిగాడు నాన్న.

"ఇంటి కరెంటును పార్టులకు తగ్గట్టు మార్చి పంచుతది నాయినా."

"మరి బోరుకు కొత్త మోటర్ తెచ్చి, పాడైన స్టార్టర్ పెడితే ఏమైతది బిడ్డా?"

నాకు నోట మాట రాలేదు. మోటర్ కాలిపోయిన ఏడాది, వైండింగ్ కోసం నాన్న అప్పు చేయడం గుర్తొచ్చింది.

టీఐ వదిలేసి మామూలు 3060 తీసుకున్నా. అది వాడేది 170 వాట్లే. మిగిలిన డబ్బుతో 550 వాట్ల మంచి ఎస్‌ఎంపీఎస్ కొన్నా. లోడ్ మించినా, షార్ట్ అయినా స్టార్టర్ ట్రిప్పయినట్టు తనే ఆగిపోతుంది.

గేమ్ సెట్టింగులు అల్ట్రా నుంచి హైకి దించా, అంతే. మొన్న రాత్రి ఇంట్లో లైట్లు మిణుకుమిణుకుమన్నాయి. నాన్న మోటర్ ఆపడానికి లేస్తూ, "నీ డబ్బా గూడ బంద్ చెయ్ బిడ్డా" అన్నాడు.

మ్యాచ్ మధ్యలో ఉన్నా, సేవ్ కూడా చూసుకోకుండా ఆపేశా.