'నైస్' అను చిన్నమాట

ఆంగ్ల వ్యాసములు దిద్దునపుడు మాకు మిక్కిలి తఱచుగా కనబడు విశేషణము 'నైస్' అనునది. మామిడిపండు నైసు, మేనమామ నైసు, నిన్న కురిసిన వాన నైసు, నేటి పాఠమును నైసే! ఇన్ని బరువులు మోయుచున్న యీ చిన్నమాట పుట్టుపూర్వోత్తరములు తెలిసికొనుట మన విద్యార్థులకు వినోదమును, ప్రయోజనమును గూడ కలిగించునని తలంచి యీ నాలుగు పంక్తులు వ్రాయుచున్నాము.

ఈ పదమునకు మూలము లాటిను భాషయందలి 'నెస్కియుస్' అను శబ్దము. 'నె' యనగా లేదు. 'స్కిరే' యనగా ఎఱుగుట. కావున నెస్కియుస్ అనగా ఏమియు నెఱుగనివాడని యర్థము. శాస్త్రమునకు పేరైన 'సైన్సు' అను మాటయు నా 'స్కిరే' నుండియే పుట్టినది. ఎఱుకయు, ఎఱుగమియు నొక్క యింటి బిడ్డలే యన్నమాట!

లాటిను శబ్దము ప్రాచీన ఫ్రెంచి భాషలో 'నీస్' అయి, తెలివిమాలినవాడను నర్థమును పొందెను. 1066వ సంవత్సరమున నార్మనులు ఇంగ్లండును జయించిన పిమ్మట ఫ్రెంచి మాటలు వేలకొలదిగా ఆంగ్లమున ప్రవేశించెను. వానిలో నిదియు నొకటి. 1300 ప్రాంతమున ఆంగ్లమందును దీనికి మూఢుడనియే యర్థము. 1400లో మరణించిన ఛాసరు కవియు నీ యర్థమున వాడియున్నాడు. నేటి యర్థమును పట్టుకొని యాతని కావ్యమును చదువువాడు, కవి పరిహసించినవానిని మెచ్చుకొనెనని భ్రమపడును.

తరువాత నీ మాట మెల్లమెల్లగా మెట్లెక్కినది. మూఢునినుండి అతిసుకుమారునకు, సుకుమారునినుండి ప్రతిదానికిని వంకలుపెట్టువానికి జరిగినది. వంకలుపెట్టువాడు సూక్ష్మభేదములను కనిపెట్టును గదా! కావున 16వ శతాబ్దమున 'సూక్ష్మమైన, నిశితమైన' అను నర్థమేర్పడెను. సూక్ష్మభేదమును 'నైస్ డిస్టింక్షన్' అని నేటికిని వ్రాయుదురు. 18వ శతాబ్దమున 'ఇంపైన' అనియు, 19వ శతాబ్దమున 'దయగల' అనియు నర్థములు స్థిరపడెను. దీని నెల్లచోట్ల వాడు నలవాటును జేన్ ఆస్టిన్ తన 'నార్తాంగర్ ఆబీ' యను నవలలో నొక పాత్రచే ఎగతాళి చేయించెను. ఆ గ్రంథము 1817 చివర వెలువడినది. మన విద్యార్థుల యలవాటు క్రొత్తది కాదని దీనివలన తేలుచున్నది.

ఎక్కిన మాట యుండగా దిగిన మాటయు నుండవలెను గదా! 'సిల్లీ' యను పదమునకు ప్రాచీనాంగ్లమున ధన్యుడని యర్థము. అది క్రమముగా అమాయకుడనియు, జాలిపడదగినవాడనియు మాఱి, తుదకు తెలివితక్కువవానిపై బడినది.

మన తెనుగునందును ఇట్టివి కలవు. 'కంపు' అనగా పూర్వకవులకు పరిమళము. నేడో, ముక్కు మూసికొందుము. సంస్కృతమున 'సభికుడు' జూదశాల నడపువాడు. నేడు మన పాఠశాల వార్షికోత్సవమునకు విచ్చేయు పెద్దలందఱును సభికులే!

ఈ చరిత్ర మాకొక సందర్భమున మిక్కిలి యక్కఱకు వచ్చినది. తెలంగాణమునుండి వచ్చి చేరిన యొక బాలుడు తరగతిలో 'యాది' యను మాట పలుకగా, తోడివారు పకపక నవ్విరి. ఆ బాలుడు పది దినములవఱకు నోరు విప్పలేదు. అపుడు మేము పాఠము నాపి, నైసు కథ చెప్పితిమి. 'యాది' పారసీకమునుండి వచ్చినది, 'జ్ఞాపకము' సంస్కృతమునుండి వచ్చినది. రెండును మన యింటికి వచ్చిన చుట్టములే యని తెలిపితిమి. మాటకు పుట్టుకతో గౌరవమును లేదు, అవమానమును లేదు. పలుకు జనులు దానికిచ్చిన స్థానమే దానికి విలువ. నాటి మఱునాడు ఆ బాలుడు పాఠమును బిగ్గరగా చదివెను.

కావున విద్యార్థులారా, మీకు మా విన్నపములు రెండు. మామిడిపండు తియ్యనిదైనచో తియ్యనిదనియు, మేనమామ దయగలవాడైనచో దయగలవాడనియు వ్రాయుడు. నైసును కొంత విశ్రమింపనిండు. తోడివాని నోట క్రొత్త మాట వినబడినపుడు నవ్వుటకు ముందు దాని యర్థ మడుగుడు. ఇంటికడ తాతయవ్వలు పలుకు మాటలను గూడ నట్లే యడిగి వ్రాసికొనుడు. రాబోవు సంచికకు వానిని పంపినచో మేము మిగుల సంతసింతుము.