ఫైబర్ కొమ్ములు

గుస్సాడీ ఆటకని మమ్మల్ని ఉట్నూరు నుంచి ఫిల్మ్‌నగర్‌కు పిలిపించారు. సెట్‌లో వేసిన గూడెంలో రెండు ఎద్దులు. వాటి కొమ్ముల మీద మూరెడు ఫైబర్ కొమ్ములు తొడిగారు. "అడవి ఎద్దులు ఇట్లనే ఉంటయి కదా" అన్నాడొకాయన. అంత కొమ్ముంటే కాడి కింద పక్క ఎద్దు కన్ను పోతదన్నాడు మా తాత.

మేం కొమ్ములు చెక్కేది అందుకే. గాజుపెంకుతో పైపొర పలచగా గీకి ఆముదం రాస్తాం. పైన గోరులాంటిదే గానీ లోపల ఎముక, నెత్తురు. లోతుకు పోతే పుండే. ఎక్కువ చెక్కితే కొమ్ము క్యాన్సర్ కూడా రావచ్చని పశువుల డాక్టర్లంటారు. మాలో తాత తప్ప ఎవరూ గాజుపెంకు పట్టలేదు. ఇప్పుడు పొలాల అమావాస్యకు రంగు పూయడమే మాకు వచ్చు.

షాట్ అయ్యాక తాత ఎద్దు కొమ్ము మొదలు తడిమాడు. జిగురంటిన చోట తోలు ఒరిసిపోయింది. ఆముదం ఉందా అని అడిగాడు. మేకప్ వాళ్ల దగ్గర కొబ్బరినూనె దొరికింది.