శత్రువు లేని సేనాని

జూబ్లీహిల్స్, ఫిల్మ్‌నగర్‌లలో రూపుదిద్దుకొనే సైనిక చిత్రాలు సాధారణంగా శత్రుసంహారంతో ముగుస్తాయి. ఎదుట శత్రువే లేని సైనికుని కథను తెరకెక్కించడం కష్టం. అటువంటి కథ ఒకటి హైదరాబాదు పేరుతోనే ముడిపడి ఉంది. నిజాముల నాటి హైదరాబాదు కంటింజెంటు వారసత్వాన్ని అందుకొన్న 19వ హైదరాబాదు రెజిమెంటులో ఎదిగిన జనరల్ కొడండేర సుబ్బయ్య తిమ్మయ్య కథ అది.

తిమ్మయ్య 1906లో కొడగుసీమలోని మడికేరిలో జన్మించారు. రెండవ ప్రపంచయుద్ధకాలంలో బర్మా రంగంలో ఆ రెజిమెంటుకు చెందిన ఒక పటాలాన్ని నడిపారు. (1945లో ఆ రెజిమెంటు కుమావూన్ రెజిమెంటుగా పేరు మార్చుకొన్నది.) యుద్ధవిద్యలో ఆరితేరిన ఆయనకు అసలు పరీక్ష యుద్ధం ఆగిన చోట ఎదురైంది.

1953 జూలై 27న కొరియాలో యుద్ధవిరమణ ఒప్పందం కుదిరింది. చైనా, ఉత్తర కొరియాలకు చెందిన ఇరవై రెండు వేలకు పైగా యుద్ధఖైదీలు స్వదేశానికి వెళ్ళబోమన్నారు. వారి సంగతి తేల్చడానికి ఐదు తటస్థదేశాలతో ఒక సంఘం ఏర్పడింది. దానికి తిమ్మయ్య అధ్యక్షులయ్యారు. స్వీడన్, స్విట్జర్లాండ్ ఒకవైపు, పోలండ్, చెకొస్లొవేకియా మరొకవైపు మొగ్గడంతో నిర్ణయభారం తరచు ఆయనపైనే పడేది. దక్షిణ కొరియా ప్రభుత్వం భారతసైన్యాన్ని తన నేలపై కాలు మోపనీయలేదు. అందుచేత ఓడల నుండి హెలికాప్టర్లలో సైనికులను శిబిరాల వద్దకు చేర్చవలసి వచ్చింది.

వెళ్ళబోమన్న మాట ఖైదీల మనసులోనిదా, శిబిరాలలోని ముఠానాయకులు బెదిరించి పలికించినదా? చిక్కంతా ఇక్కడే ఉంది. సెప్టెంబరులో ఖైదీలు ఒక భారతీయ అధికారిని నిర్బంధించారు. రక్షకదళాధిపతి మేజర్ జనరల్ థోరట్ కొద్దిమందితో ముళ్ళకంచె లోపలికి నడిచివెళ్ళి, మాటల నేర్పుతోనే ఆయనను విడిపించారు. అన్నివేళలా ఇలాగే జరిగిందనలేము. కొన్ని అల్లర్లలో భారతసైనికులు కాల్పులు జరపగా ఖైదీలు కొందరు మరణించారు. ఇది దాచి తిమ్మయ్యను కీర్తించడం ఆయనకు న్యాయం చేయడం కాదు.

గడువు ముగిసేనాటికి ఎక్కువమంది ఖైదీలతో విచారణ అధికారులు మాట్లాడనే లేదు. 1954 జనవరిలో తిమ్మయ్య ఖైదీలను ఎవరి నుండి స్వీకరించారో వారికే అప్పగించారు. ఉభయపక్షాలూ ఆక్షేపించాయి. ఏ పక్షానికీ పోమన్న 88 మంది మాత్రం భారతసైన్యంతో ఓడనెక్కి మద్రాసు చేరారు. తరువాత వారిలో పలువురు బ్రెజిల్, అర్జెంటీనాలకు తరలిపోయారు.

1957 నుండి 1961 వరకు తిమ్మయ్య భారత సైన్యాధిపతిగా ఉన్నారు. పదవీ విరమణానంతరం విశ్రాంతి దక్కలేదు. గ్రీకు, తుర్కు జాతుల కలహంతో రగులుతున్న సైప్రస్ ద్వీపంలో 1964 జూలైలో ఐక్యరాజ్యసమితి శాంతిదళాధిపత్యం స్వీకరించారు. 1965 డిసెంబరు 18న, ఆ బాధ్యతలో ఉండగానే, నికోసియాలో గుండెపోటుతో కన్నుమూశారు. మరుసటి ఏడాది సైప్రస్ ప్రభుత్వం ఆయన చిత్రంతో తపాలాబిళ్ళను వెలువరించింది.