లోపలి అంచు చెప్పిన సంగతి

జులై వాన అప్పుడే వెలిసింది. సికింద్రాబాద్ రాణీగంజ్‌లో స్పేర్‌పార్టుల దుకాణాల వెనక ఉన్న ఆ షెడ్డుకు నేను వెళ్ళేసరికి పసుపుపచ్చ పోర్షే 718 కేమన్ లిఫ్టు మీద ఉంది. దాని కింద నిలబడిన ఉస్తాద్ వెనక టైరు లోపలి అంచు మీద బొటనవేలు ఆనించి చక్రాన్ని మెల్లగా తిప్పుతున్నాడు. లారీ టైర్లతో మొదలుపెట్టి ముప్పై ఏళ్ళుగా రబ్బరును తడిమి చూస్తున్న చెయ్యి అది.

"బయట జూసిన్రు సార్, లోపల జూసిన్రా?" అన్నాడు కారు యజమానితో.

సాఫ్ట్‌వేర్ ఉద్యోగి అయిన ఆ యువకుడు వంగి చూశాడు. బయటి వైపు గాడులు ఇంకా లోతుగానే ఉన్నాయి. లోపలి వైపు మాత్రం రెండు వేళ్ళ వెడల్పున నున్నగా అరిగిపోయి, ఒకచోట ఉక్కు తీగ వెంట్రుకలా బయటికొచ్చింది. అతనికి నోట మాట రాలేదు. వారం కిందట ఇవే టైర్లతో, వానలో, ఔటర్ రింగ్ రోడ్డు మీద శంషాబాద్ దాకా వెళ్ళొచ్చాడు.

మలుపుల్లో పట్టు కోసం ఇలాంటి కార్ల చక్రాలను పైభాగం లోపలికి కాస్త వాలేలా బిగిస్తారు. నేరుగా పోయేటప్పుడు బరువు లోపలి అంచు మీద ఎక్కువ పడుతుంది. దానికి అలైన్‌మెంట్ తేడా తోడైతే అరుగుదల ఇంకా త్వరగా వస్తుంది. అందుకే ఏ టైరు కొనాలి అని అడిగినవాళ్ళకు ఉస్తాద్ ముందుగా పాత టైరునే చూపిస్తాడు. కారు ఎలా నడిచిందో, ఎక్కడ నడిచిందో దాని మీద రాసి ఉంటుంది. నాకు ఆ పద్ధతి చాలా నచ్చింది.

యజమాని వెనక రెండు మార్చితే చాలనుకొని వచ్చాడు. ఉస్తాద్ ముందు టైరు పక్కగోడ మీద ఉన్న 3218 అన్న అంకెలు చూపించాడు. 2018లో 32వ వారం తయారైందని అర్థం. గాడుల లోతుకు ఢోకా లేదు. చట్టం అడిగే 1.6 మిల్లీమీటర్ల కన్నా చాలా ఎక్కువే ఉంది. కానీ గోరు నొక్కితే దిగడం లేదు, గాడుల అడుగున సన్నటి పగుళ్ళు. ముందు ఎండిన రబ్బరు, వెనక కొత్త రబ్బరు ఉంటే తడి రోడ్డు మీద కారు తిప్పినట్టు తిరగదు. నాలుగూ మార్చాల్సిందే.

కొలత దగ్గర చర్చే లేదు. ముందు 235/45 జెడ్‌ఆర్ 18, వెనక 265/45 జెడ్‌ఆర్ 18. వెనక టైరు వెడల్పు 265 మిల్లీమీటర్లు, పక్కగోడ ఎత్తు అందులో 45 శాతం, అంటే దాదాపు 119 మిల్లీమీటర్లు. ముందు వెనక కొలతలు వేరు కాబట్టి మామూలు కార్లలాగా ముందువి వెనక్కి మార్చుకుంటూ అరుగుదల సమం చేసే వీలు లేదు.

చర్చంతా వేగాన్ని సూచించే అక్షరం దగ్గర వచ్చింది. వేరే దుకాణంలో డబ్ల్యూ గుర్తున్న టైర్లు ఇస్తామన్నారట. డబ్ల్యూ అంటే 270 కిలోమీటర్ల వేగం దాకా, వై అంటే 300 దాకా. ఈ కారు గరిష్ఠ వేగం 275. "రింగ్ రోడ్డు మీద 120 దాటొద్దు కదా అన్నా, డబ్ల్యూ చాలదా?" అని అడిగాడు యువకుడు. వేగంతో పుట్టే వేడిని టైరు ఎంతవరకు ఓర్చుకుంటుందో ఆ అక్షరం చెబుతుంది. మే నెల ఎండలో కాలే రోడ్డు మీద ఆ ఓర్పును తగ్గించుకోవడం దేనికని ఉస్తాద్ వాదన. నేనూ అటే మొగ్గుతాను.

పోర్షే తన కార్ల మీద పరీక్షించి ఆమోదించిన టైరు మీద ఎన్0, ఎన్1 లాంటి గుర్తు ఉంటుంది. అదే పేరు, అదే కొలత ఉన్నా ఆ గుర్తు లేనిదానిలో రబ్బరు మిశ్రమం, లోపలి అల్లిక వేరుగా ఉండొచ్చు. గుర్తున్నదే కావాలంటే మన దగ్గర ఓపిక కావాలి. 2020 జూన్‌లో కేంద్రం కొత్త టైర్ల దిగుమతిని నియంత్రిత జాబితాలో పెట్టింది. లైసెన్సు కావాలి, పైన ఐఎస్‌ఐ ముద్ర ఉండాలి. సదాశివపేటలో ఎమ్మారెఫ్, చినపాండూరులో అపోలో కర్మాగారాలు నడుస్తున్న తెలుగు నేల మీద ఈ నాలుగు టైర్ల కోసం అతను మూడు వారాలు ఆగాడు.

చెన్నై దగ్గర ఇరుంగాట్టుకోటై ట్రాక్‌లో నడపాలని అతని కోరిక. అందుకని మొదట్లో గాడులు తక్కువున్న ట్రాక్ టైర్లు కూడా అడిగాడు. వేడెక్కాక వాటి పట్టు అద్భుతం. అయితే రబ్బరు మెత్తన, తొందరగా అరుగుతుంది. నిలిచిన నీళ్ళు ఎదురైతే బయటికి తోసే దారి చాలక కారు నీటి మీద తేలుతుంది. 2023 ఫిబ్రవరి 11న హుస్సేన్‌సాగర్ ఒడ్డున పరుగెత్తిన ఫార్ములా ఈ రేసు కార్లకే ఎండకూ వానకూ పనికొచ్చే గాడుల టైర్లు వేశారు. రోజూ ఆఫీసుకు తీసుకెళ్ళే కారుకు గాడులు లేకుండా ఎలా? చివరికి ఎన్ గుర్తున్న రోడ్డు టైర్లే ఖాయమయ్యాయి.

టైర్లు వచ్చాక బిగింపు గంటన్నర పట్టింది. టైరు మీది పసుపు చుక్క గాలి వాల్వు పక్కనే వచ్చేలా పెట్టి ఎక్కించారు. బ్యాలెన్సింగ్ అయ్యాక అలైన్‌మెంట్ సరిచేశారు. బోల్టులను టార్క్ రెంచితో 160 న్యూటన్ మీటర్లకు బిగించారు. ఇంపాక్ట్ గన్‌ను తాకనివ్వలేదు.

కారు కిందికి దిగాక ఉస్తాద్ కొత్త రబ్బరు మీద వేలు రాసి చూపించాడు. వేలికి నూనెలాంటి మెరుపు అంటింది.

"అచ్చుల కెల్లి ఒచ్చిన జిడ్డు సార్ గిది. రెండు మూడొందల కిలోమీటర్లు మెల్లగ నడపున్రి. వానల అయితే అస్సలు తొక్కకున్రి."

బయట మళ్ళీ చినుకులు మొదలయ్యాయి. పసుపుపచ్చ కారు ఆటోల వెనకాల, వాటి వేగానికే, మెయిన్ రోడ్డు ఎక్కింది.