అలలకి అద్దె

అనకాపల్లి నుంచి సెలవు రోజున విశాఖ వెళ్లేవాళ్లు సాయంత్రానికి ఒకటే మాట అంటారు: "బీచ్ చూశాం, తిండికే జేబు ఖాళీ అయింది." తప్పు ఊరిది కాదు, వెతికిన చోటుది. ఆర్కే బీచ్ ఎదుట కిటికీ పక్క టేబుల్‌కి వేసే బిల్లులో కూరకంటే సముద్రానికి కట్టే అద్దె ఎక్కువ. అక్కడికి వచ్చేది ఒక్కసారి వచ్చిపోయే పర్యాటకుడు. రుచి బాగాలేకపోయినా రేపు ఇంకొకడు వస్తాడు. అదే పూర్ణా మార్కెట్ వైపో, ఆర్టీసీ కాంప్లెక్స్ చుట్టూనో ఉన్న మెస్సు కూలీలు, గుమాస్తాలు, విద్యార్థుల మీద బతుకుతుంది. సాంబారు పలచనైతే మర్నాడే బల్లలు ఖాళీ. ఫ్రాన్సులో సముద్రం ఒడ్డునే ఉన్న నీస్ నగరానిదీ ఇదే కథ. అక్కడ సొక్కా అనే శనగపిండి అట్టు (మన పెసరట్టుకి దూరపు చుట్టం అనుకోండి) పాతబస్తీ సందుల తిండి.

బీచ్‌లోనూ చవకే, మురీ మిక్చర్ లేదా అంటారు. ఉంది, కానీ అది కాలక్షేపం, భోజనం కాదు. సందు హోటళ్లలో శుభ్రత మాటేమిటంటే, అది అనుమానించాల్సిందే. అయితే జనం తిరిగే చోట వండింది వండినట్టే అయిపోతుంది. నిలవ ఉండే భయం ఖాళీ ఏసీ హాల్లోనే ఎక్కువ. అయిదు రూపాయలకే పూట గడిపే అన్న క్యాంటీన్లు 2024 ఆగస్టులో మళ్లీ తెరిచారు, అవీ లెక్కలోకి తీసుకోవాలి. కడుపు ఊళ్లో నింపుకుని ఇసుకలో కూర్చుంటే అలలకి టికెట్టు లేదు.