సరియైన తూకము



పలువురు కూడి కంప్యూటరులలో, ఫోనులలో ఆడే తుపాకి ఆటలను గూర్చి తల్లిదండ్రులు నన్ను తరచుగా అడుగుచుందురు. వాటికి బానిసలు కారాదని నేను యౌవనస్థులకు చెప్పుచునే యున్నాను. అయితే అటువంటి ఆటలోనికి కొత్త ఆయుధమును ఎట్లు తెత్తురో మా అన్నగారి కుమారుడు వివరించినప్పుడు, మన గృహములకు పనికివచ్చు పాఠమొకటి నాకు కనబడినది.

"బాబాయ్, తుపాకి బొమ్మ గీయడం తేలికే. దాని బలం తూచడమే కష్టం" అన్నాడు వాడు.

కౌంటర్-స్ట్రైక్ అను ఆటలో రెండు జట్లు, జట్టుకు ఐదుగురు. ఒక్కొక్కరికి ప్రాణము 100 పాయింట్లు. ఆటలో సంపాదించిన డబ్బుతోనే ఆయుధములు కొనుక్కొనవలెను. ఏడబ్ల్యూపీ అను తుపాకి ఎంత దూరమునుండియైనను ఒక్క గుండుతో మనిషిని పడగొట్టగలదు. అందుకే దాని వెల 4,750 డాలర్లు. దానిని పట్టుకొన్నవాని నడక మందగించును. ఒకసారి కాల్చిన తరువాత మరల కాల్చుటకు ఆగవలెను. బలము ఎంతో భారము అంత.

2015 డిసెంబరులో ఆ ఆటను చేసిన వాల్వ్ సంస్థ ఆర్8 రివాల్వర్ అను కొత్త పిస్తోలును ప్రవేశపెట్టెను. వెల 850 డాలర్లే. కాని అది కవచము తొడిగిన వానిని సహితము దగ్గరనుండి ఒక్క గుండుతో పడగొట్టుచుండెను. ఇక అందరి చేతిలో అదే! మిగిలిన ఆయుధములకు విలువ లేకపోయెను, నేర్పుకు విలువ లేకపోయెను. ఆడువారు మొరపెట్టగా, చేసినవారు కొద్ది దినములలోనే దాని దెబ్బను తగ్గించి, మీట నొక్కిన తరువాత పేలుటకు పట్టు సమయమును పెంచిరి. ఆ పిస్తోలును పారవేయలేదు, తూకము సరిచేసిరి.

సామెతలు 11వ అధ్యాయము మొదటి వచనము తప్పుడు త్రాసును గూర్చి ఏమి చెప్పుచున్నదో మీకు తెలియును. మొదటి సమూయేలు 13వ అధ్యాయములో ఫిలిష్తీయులు ఇశ్రాయేలు దేశములో కమ్మరివాడు లేకుండ చేసిరి. యుద్ధదినమున సౌలుకు, యోనాతానుకు తప్ప ఎవరిచేతను కత్తి లేదు. బలమంతయు ఒక ప్రక్కనే చేరిన చోట రెండవ ప్రక్కవారు ఎంత నలుగుదురో చూడుడి.

మా సంఘములో ఒక కుటుంబము కుమారునికి కాలేజీ ఫీజు కట్టి, మోటారుసైకిలు కొనిచ్చిరి. పదవ తరగతి ప్యాసైన కూతురును మాత్రము గేదెల పనికని ఇంటనే ఉంచిరి. నేను ఆ తండ్రికి ఈ పిస్తోలు సంగతి చెప్పితిని. "అయితే వాడి చదువు మాన్పించమంటారా, అయ్యగారూ?" అని ఆయన కొంచెము కోపముగానే అడిగెను. "వద్దు. వాడి బలం తీసేయకండి, దానికి తగిన భారం పెట్టండి. అమ్మాయికి దారి ఇవ్వండి" అంటిని. ఆయన మారు పలుకలేదు. జూనులో ఆ బిడ్డ ఇంటరులో చేరెను. ఇప్పుడు తెల్లవారుజామున పాలు పిండి కేంద్రమునకు మోసుకొనిపోవుచున్నవాడు ఆ కుమారుడే.

ప్రియులారా, ఆటను చేసినవారు ఆడువారి మొర విని కొద్ది దినములలో తూకము సరిచేయగలిగిరే! మన యింటిలో తక్కువ తూగుచున్నది ఎవరు? ఈ రాత్రి కుటుంబ ప్రార్థనలో వారిని మొదట మాటలాడనియ్యుడి. దేవుడు మీ గృహములను దీవించును గాక. ఆమేన్.